ఎనిమిది సీసాలు

బుడంకాయకి పాలు మాన్పించాలని ఆదివారం పొద్దున్న ఆ ఇంట్లో తీర్మానం జరిగింది. తీర్మానం చేసినవాళ్ళు ముగ్గురు ఆడవాళ్ళు: అత్తగారు, పెద్దకోడలు, చిన్నకోడలు. అన్నదమ్ములిద్దరూ లారీ మీద సరుకు వేసుకుని వెళ్ళారు, వారం దాకా రారు కాబట్టి వాళ్ళ అభిప్రాయం ఎవరూ అడగలేదు. బుడంకాయ అభిప్రాయం అసలు ఎవరికీ గుర్తే రాలేదు. ఆ సమయంలో అది తన తల్లి పెద్దకోడలి ఒళ్ళో అడ్డంగా పడుకుని, ఒక కాలు గాల్లోకి ఎత్తి, ఆ కాలి బొటనవేలిని తనే పట్టుకుని, హాయిగా ఆ పాలే తాగుతోంది.

"రెండేళ్ళు దాటి మూడు నెలలైంది," అంది అత్తగారు. "నోటినిండా పళ్ళొచ్చాయి. ఇంకొన్నాళ్ళు పోతే నీ జాకెట్టుకి గుండీలు కూడా అదే కుడుతుంది."

"నా మూలంగా దాని నోరు కట్టెయ్యొద్దక్కా," అంది చిన్నకోడలు.

"నీ మూలంగా కాదులే. నా నడుం మూలంగా," అంది పెద్దకోడలు.

కానీ కారణం చిన్నకోడలేనని ముగ్గురికీ తెలుసు. ఆమె సిటీ బస్సు నడుపుతుంది. కొడుకు పండుకి ఏడో నెల వచ్చింది, సెలవు అయిపోయింది, సోమవారం నించి మళ్ళీ డ్యూటీ. పొద్దున ఏడింటికి వెళ్తే సాయంత్రం అయిదింటికి గానీ రాదు. అంతసేపూ పండుని చూసుకోవలసింది పెద్దకోడలు. పెద్దకోడలిది కూర్చుని చేసే పని. చెప్పుల కంపెనీ వాళ్ళు మడత గీతలు కొట్టిన అట్టలు కట్టలు కట్టలుగా తెచ్చి ముందుగదిలో పడేసిపోతారు. వాటిని మడిచి, మూలల్లో చెవులకి జిగురు రాసి, పెట్టెలు చేసి శనివారానికి అప్పజెప్పాలి. పెద్దపిల్ల బడికి పోతుంది, దానికి ఎనిమిదేళ్ళు, దాని గొడవ లేదు. ఒక పక్క జిగురు, ఒక పక్క పండు, మీదనించి గంటకోసారి వచ్చి ఒళ్ళోకి ఎక్కే బుడంకాయ అంటే ఎవరి వల్లా కాదు.

"ఏదైనా చేదు రాయవే, ఒక్కరోజులో మానేస్తుంది," అంది అత్తగారు.

"వద్దత్తయ్యా. పాలు అయిపోయాయని చెప్తాను. అంతే."

చిన్నకోడలు తన పాలు పిండే పంపు తీసి బల్ల మీద పెట్టుకుని మరోసారి భాగాలన్నీ విప్పి, కడిగి, బిగిస్తోంది. గరాటులాంటి మూతి, పక్కన నొక్కే పిడి, కింద సీసా. అత్తగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదేం చేతిపంపే, వీధి చివర నీళ్ళ పంపుకి పిల్ల పుట్టినట్టుంది."

"దీంతోనే అత్తయ్యా, రోజుకి రెండు సీసాలు," అంది చిన్నకోడలు గర్వంగా. ఆ మధ్యాహ్నం తలుపేసుకుని అరగంటకి పైగా కూర్చుని, మర్నాటికి కావలసిన రెండు సీసాలూ నింపి, చెమటలు కక్కుతూ బయటికొచ్చింది.

సోమవారం పొద్దున చిన్నకోడలు ఖాకీ చొక్కా తొడుక్కుని, పండుకి కడుపునిండా పాలిచ్చి, గుమ్మం దాకా వెళ్ళి మూడుసార్లు వెనక్కి వచ్చింది. ఒకసారి సీసాని వేడినీళ్ళలో ఎంతసేపు ఉంచాలో చెప్పడానికి, ఒకసారి అదే మాట మళ్ళీ చెప్పడానికి, మూడోసారి ఏమీ చెప్పడానికి లేక ఊరికే.

"పోవే తల్లీ, బస్సు నీకోసం ఆగదు," అంది పెద్దకోడలు.

"నేను వెళ్తేనే అది కదిలేది," అని నవ్వి వెళ్ళింది చిన్నకోడలు.

ఆమె సందు మలుపు తిరిగిందో లేదో బుడంకాయ వచ్చి నిలబడింది. చెయ్యి చాచింది.

"పాలు."

"అయిపోయాయమ్మా."

"చూపించు."

పెద్దకోడలికి నవ్వొచ్చింది. నవ్వితే పని చెడిపోతుందని మొహం బిగించుకుంది. "చూడ్డానికేం లేదు. ఖాళీ."

బుడంకాయ చూపుడువేలితో తల్లి జాకెట్టు మీద రెండుసార్లు తట్టి చూసింది. తల్లి ఖాళీ పెట్టెల్ని అలాగే తడుతుంది. "రేపు వస్తాయా?"

"రావు."

"ఎల్లుండి?"

"ఎప్పటికీ రావు."

"ఎవరు తాగేశారు?"

"నువ్వే. రెండేళ్ళు తాగావు."

ఆ నింద విని బుడంకాయ నోరు తెరిచింది. ఏడుద్దామా వద్దా అని కాసేపు ఆలోచించి, చివరికి పెద్ద అట్టపెట్టె ఒకటి లాక్కుని అందులో కూర్చుంది.

పెద్దకోడలు పనిలో పడింది. గీత మీద బద్దతో ఒక రుద్దు, లోపలికి మడత, నాలుగు చెవులు, నాలుగు కుంచె దెబ్బలు, బొటనవేళ్ళతో అదుము, పక్కన పెట్టు. ఇంకొకటి. చేతులకి అలవాటైన పని, కళ్ళు అక్కర్లేదు. ఇరవయ్యో పెట్టె దగ్గర పండు లేచాడు.

వేడినీళ్ళ గిన్నెలోంచి సీసా తీసి, రెండు చుక్కలు మణికట్టు మీద వేసి చూసుకుని, పాలపీక వాడి నోటికి అందించింది. పండు దాన్ని నాలికతో బయటికి తోసేశాడు. మళ్ళీ పెట్టింది. ఈసారి వాడు తల తిప్పి, ఎవరో తనని అవమానించినట్టు కేక పెట్టాడు. ఒళ్ళో కూర్చోబెట్టి ఇచ్చింది, నడుస్తూ ఇచ్చింది, వాళ్ళమ్మ విప్పిన చొక్కా భుజం మీద వేసుకుని ఇచ్చింది. చెంచాతో పోస్తే ఉమ్మేశాడు. చిన్న గిన్నెతో పడితే గిన్నెని ఒక్క తాపు తన్నాడు. అత్తగారు వచ్చి, "నా చేతిమీద ముగ్గురు పిల్లలు పెరిగారు, ఇలా ఇయ్యి," అని తీసుకుని, పావుగంటకి చీరంతా పాలు చేసుకుని, "వీడు నాలుగోవాడు, వీడి లెక్క వేరు," అని తిరిగి ఇచ్చేసి, స్నానానికి పోయింది.

తొమ్మిదిన్నరకి మొదలైన ఏడుపు పదకొండు దాటినా ఆగలేదు. గొంతు బొంగురుపోయింది. మధ్యమధ్య ఊపిరి అందక ఎక్కిళ్ళు. బుడంకాయ ఈ గోలలోనే పెట్టెలో ముడుచుకుని నిద్రపోయింది. పెద్దకోడలు పండుని గుండెకి హత్తుకుని ఊపుతోంది. అప్పుడు, ఆమె తలపెట్టకుండానే, రెండు రొమ్ముల్లోనూ సూదులు గుచ్చినట్టు జివ్వుమంది. పాలు చేపుకొచ్చాయి. జాకెట్టు ముందు రెండు పక్కలా తడిసింది. పొద్దుట్నించీ బుడంకాయ తాగనివి, అయిపోయాయని చెప్పినవి.

పండు ముక్కు ఆ తడిని పసిగట్టింది. ఏడుపు ఆపి, వాడు తలెత్తి ఆమెకేసి చూశాడు. అంతే, ఇంక ఆలోచించడానికేమీ మిగల్లేదు. గుండీలు తీసింది.

ఇంట్లో ఒక్కసారిగా నిశ్శబ్దం. గుటక, గుటక, గుటక. వాడు ఒక చేత్తో ఆమె వేలు పట్టుకున్నాడు. కళ్ళ కొసల్లో నీళ్ళు ఇంకా ఆరలేదు, కానీ కనురెప్పలు అప్పుడే బరువెక్కుతున్నాయి. పెద్దకోడలికి ఒళ్ళంతా తేలికైంది.

అత్తగారు తల తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో ఆగింది.

"ఏడుపు ఆగిందేమిటా, వీడికేమైందో అని వచ్చాను."

"ఏం చెయ్యను అత్తయ్యా. వాడు సీసా ముట్టడం లేదు."

"నిన్నెవరు తప్పు పట్టారు? కడుపు నిండటం ముఖ్యం," అంది అత్తగారు. గొంతు తగ్గించి, "దానికి మాత్రం ఇప్పుడే చెప్పకు. కొత్తగా డ్యూటీలో చేరింది, స్టీరింగు పట్టుకుని ఇదే ఆలోచిస్తుంది. రెండ్రోజుల్లో వీడే సీసాకి అలవాటు పడతాడు," అంది.

మిగిలినవి ఆ రెండు సీసాల పాలు. పారబోయడానికి పెద్దకోడలికి చెయ్యి రాలేదు. మూతలున్న చిన్న గాజు సీసాలు రెండు వెతికి, మరిగించి, అందులోకి వంచి, మూతల మీద పెట్టెల పెన్సిలుతో 'సోమ పొద్దున', 'సోమ మధ్యాహ్నం' అని రాసి, ఫ్రీజర్‌లో వెనగ్గా, ఒక గుడ్డసంచీ చాటున పెట్టింది. పాలపీకలు కడిగి బోర్లించింది.

సాయంత్రం చిన్నకోడలు చెప్పులు కూడా విప్పకుండా పరిగెత్తుకొచ్చింది.

"తాగాడా అక్కా?"

"కడుపునిండా తాగాడు."

"ఏడవలేదా?"

"మొదట్లో కాస్త ఏడ్చాడు. తర్వాత ఒక్క చుక్క వదల్లేదు."

ఒక్కటి కూడా అబద్ధం కాదు. అబద్ధం కాకపోయినా నాలిక మీద ముల్లు గుచ్చుకున్నట్టే ఉంది పెద్దకోడలికి. చిన్నకోడలు సంచీలోంచి రెండు సీసాలు తీసి, దీపం వెలుతురుకి ఎత్తి పట్టుకుంది.

"చూడు, ఇది గీత దాటింది! డిపోలో చోటే ఇవ్వలేదక్కా. విడిభాగాల గదిలో పాత టైరొకటి ఉంటే దాని మీద కూర్చున్నా. తలుపుకి గడియ లేదు. మెకానిక్కు పెద్దాయన బయట నిలబడి, ఎవడొచ్చినా 'లోపల ఇంజను విప్పుతున్నారు, పో' అని తరిమేశాడు. కంట్రోలరైతే పది నిమిషాలు చాలదా అన్నాడు. నువ్వొచ్చి పిండు, చాలుతుందో లేదో చూద్దాం అన్నాను. నోరు మూసుకుని ఇరవై నిమిషాలు రాసిచ్చాడు."

అత్తగారు పడీపడీ నవ్వింది. పెద్దకోడలు కూడా నవ్వింది. నవ్వుతూనే ఆ సీసాలు అందుకుని ఫ్రిజ్‌లో పెట్టింది.

మంగళవారం పొద్దున మళ్ళీ సీసాతోనే మొదలుపెట్టింది. గంటసేపు నిజాయితీగానే ప్రయత్నించింది. బుధవారం అరగంట. తనకే తెలుసు, ఆ అరగంటలోనూ పాలపీక వాడి పెదాలకి తాకించి తీసేస్తోందని. ఫ్రీజర్‌లో గాజు సీసాలు ఆరయ్యాయి. పండు ఇప్పుడు ఆమె అడుగుల చప్పుడు వినపడితేనే చేతులు కొట్టుకుంటున్నాడు. పెట్టెల పని కూడా బాగా సాగుతోంది. కడుపు నిండిన పిల్లాడు పక్కన పడుకుంటే చేతులు వాటంతటవే ఆడతాయి.

బుడంకాయ కంట పడకూడదని, ముందుగదిలో ఒక మూల పెట్టెలు కూర్చున్న మనిషెత్తు పేర్చి, ఆ గోడ వెనకాల కూర్చుని వాడికి పాలిచ్చేది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టుంది తన వ్యవహారం అనుకుంది. కాకపోతే ఇక్కడ తాగేది పండు, కళ్ళు మూసుకున్నది తను.

బుధవారం మధ్యాహ్నం ఆ గోడ పైవరసలో ఒక పెట్టె జరిగింది. ఆ సందులోంచి రెండు కళ్ళు కనిపించాయి. బుడంకాయ పీట వేసుకుని ఎక్కింది.

మొదట ఆ కళ్ళల్లో ఆశ్చర్యం. తర్వాత పట్టరాని సంతోషం.

"అమ్మా! వచ్చేశాయి!"

పెట్టెలు దబదబా కూలాయి. వాటి మీద నించి దొర్లుకుంటూ వచ్చి, తమ్ముడి పక్కన ఖాళీగా ఉన్న రెండో వైపుకి చెయ్యి వేసింది. పెద్దకోడలు ఆ చెయ్యి పట్టుకుంది.

"కాదమ్మా. ఇవి తమ్ముడివి. వాడు చిన్నవాడు కదా."

"అయిపోయాయన్నావు."

"నీవి అయిపోయాయి."

ఈ లెక్క బుడంకాయకి ఏ కోశానా ఎక్కలేదు. తల్లి మొహంలోకి, తమ్ముడి మొహంలోకి, మళ్ళీ తల్లి మొహంలోకి చూసింది. కింది పెదవి ముందుకొచ్చింది. ఏడవని బిడ్డకి పాలివ్వరంటారు గానీ, ఇద్దరు ఏడిస్తే ఎవరికివ్వాలో ఆ సామెత చెప్పిన మహానుభావుడు చెప్పలేదు. పెద్దకోడలు వంగి ముద్దు పెట్టబోతే బుడంకాయ తల తిప్పేసుకుంది. వెళ్ళి తన అట్టపెట్టెలో కూర్చుని, మూత కూడా మీదికి లాక్కుంది. సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

మూడేళ్ళు నిండని పిల్ల నోట్లో నువ్వుగింజ నానదు. అది ఒకరోజు నానడమే ఎక్కువ. గురువారం సాయంత్రం చిన్నకోడలు వచ్చి, కాళ్ళు కడుక్కుని, సీసాలు రెండూ బల్ల మీద పెట్టి, పండుని ఎత్తుకుని ముద్దులాడుతోంది. బుడంకాయ వెళ్ళి ఆమె కాలు పట్టుకుని నిలబడింది.

"పిన్నీ, తమ్ముడు నా పాలు తాగాడు."

"అయ్యో, నీ గ్లాసులో పాలు తాగేశాడా? దొంగవెధవ! మళ్ళీ పోయిస్తానుండు."

"గ్లాసు కాదు." బుడంకాయ విసుగ్గా వెళ్ళి, పెట్టెకి జిగురు రాస్తున్న తల్లి జాకెట్టు పట్టుకుని లాగింది. "ఇవి."

కుంచె పెద్దకోడలి చేతిలో అలాగే ఉండిపోయింది. జిగురు చుక్క మూత మధ్యలో పడింది. అత్తగారు వంటింట్లోంచి, "పిల్ల మాటలకేం గానీ," అంటూ వచ్చి, పెద్దకోడలి మొహం చూసి, మిగతా మాట మింగేసింది.

"అక్కా?" అంది చిన్నకోడలు.

"సీసా ముట్టలేదే. రెండు గంటలు ఏడ్చాడు. చూడలేకపోయాను."

"ఎప్పుడు? ఇవాళా?"

"సోమవారం."

చిన్నకోడలు పండుని చంకనేసుకునే ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళింది. ఫ్రీజర్ తెరిచి వెతికి, గుడ్డసంచీ పక్కకి జరిపింది. ఒక్కొక్క గాజు సీసా తీసి బల్ల మీద పెట్టింది. మూతల మీద పెన్సిలు రాతలు చదువుకుంది. మొత్తం ఎనిమిది.

"ఇది సోమవారం నాడు పిండింది," అంది ఒకటి పట్టుకుని. "ఇది మంగళవారంది. ఆవేళ విడిభాగాల గదికి తాళం వేసుంటే బస్సు చివరి సీట్లో తువ్వాలు కప్పుకుని కూర్చున్నాను." గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండునని పెద్దకోడలికి అనిపించింది. సీసాలన్నీ తిరిగి లోపల పెట్టి, తలుపు మూసి, కొడుకుని తీసుకుని చిన్నకోడలు గదిలోకి వెళ్ళిపోయింది.

శుక్రవారం ఆమెకి వారపు సెలవు. పొద్దున్నే లేచి, ఎవరితోనూ మాట్లాడకుండా, సోమవారం నాటి రెండు సీసాలూ నీళ్ళలో పెట్టి కరగబెట్టింది. గోరువెచ్చగా చేసి, పాలసీసాలో పోసుకుని, పండుతో గదిలో కూర్చుని తలుపేసుకుంది.

బయట పెద్దకోడలు పెట్టెలు చేస్తోంది. చేస్తోందన్న మాటే గానీ, ఒకటి తిరగేసి మడిచింది, ఇంకొకదానికి రెండు మూతలు అంటించింది. లోపల ఏడుపు మొదలైంది. సోమవారం నాటి ఏడుపే, అదే బొంగురు, అవే ఎక్కిళ్ళు. మధ్యలో చిన్నకోడలి గొంతు: "తాగరా నాన్నా... నా బంగారు కదూ... ఒరేయ్, ఇవి నా పాలేరా!" మళ్ళీ ఏడుపు. పెద్దకోడలి జాకెట్టు రెండుసార్లు తడిసింది. లేచి వెళ్దామని తలుపు దాకా పోయి, గడియ మీద చెయ్యి వేసి, తిరిగొచ్చింది.

పదకొండింటికి ఏడుపు ఆగింది. ఇంకాసేపటికి తలుపు తెరుచుకుంది. చిన్నకోడలి జుట్టు రేగిపోయి ఉంది. చొక్కా గుండీలు ఒకదాని బదులు ఇంకొకటి పెట్టుకుంది. చేతిలో పాలసీసా నిండుగా అలాగే ఉంది. దాన్ని గిన్నెలోకి ఒంపి, పీట మీద పెట్టి, పెద్దకోడలి ఎదురుగా నేల మీద చతికిలబడింది.

"గెలిచాడు," అంది. "నా దగ్గరే తాగి పడుకున్నాడు."

"వాడు మొండివాడే."

"ఎవరి పోలికో." రేగిన జుట్టు వెనక్కి తోసుకుని, "నువ్విచ్చినందుకు కాదక్కా. నేను రోజూ వచ్చి, ఎగిరెగిరి సీసాలు చూపిస్తుంటే నవ్వావు చూడు, అది," అంది.

పెద్దకోడలు కుంచె జిగురు గిన్నెలో పెట్టేసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"నువ్వు బాధపడతావని చెప్పలేదు," అంది. "అది సగం నిజం."

"మిగతా సగం?"

"పెద్దదానికి మూడో నెలకే నా దగ్గర పాలు ఎండిపోయాయే. అప్పటికి నువ్వీ ఇంటికి రాలేదు. డబ్బా పాలు కలిపి పట్టేదాన్ని. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళూ 'తల్లిపాలు లేవా?' అని అడిగేవాళ్ళు, ఇంట్లో ఉప్పు లేదా అని అడిగినట్టు. బుడంకాయకి వచ్చాయి, సరే, అది నా కూతురు. కానీ పండు... అందరి దగ్గరా ఏడ్చి ఏడ్చి, నా దగ్గర ఆగాడు. నాకు గర్వం వచ్చింది. చెప్తే ఇంక ఇవ్వొద్దంటావని చెప్పలేదు."

చిన్నకోడలు ఆమెకేసి చూసింది. "నేను వద్దనేదాన్నా?"

"అనేదానివి కాదూ?"

చిన్నకోడలు ఆలోచించింది. "అనేదాన్నే," అని ఒప్పుకుంది. "నిన్న రాత్రంతా అదే అనుకున్నాను. పొద్దున వాడి ఏడుపు చూశాక... రెండు గంటలు ఎలా తట్టుకున్నావక్కా? నాకు గంటకే ప్రాణం పోయింది."

ఏదో జుర్రుమన్న చప్పుడైంది. ఇద్దరూ తలలు తిప్పారు. పీట పక్కన బుడంకాయ నిలబడి ఉంది. రెండు చేతులతో ఎత్తిన గిన్నె మొహాన్నంతా కప్పేసింది. గిన్నె దిగింది. ముక్కు కింద తెల్లటి మీసం.

చిన్నకోడలు గిన్నెలోకి తొంగి చూసింది. ఖాళీ.

"ఎవరు తాగేశారే?"

"నేనే," అంది బుడంకాయ. ఈసారి నేరం ఒప్పుకోవడానికి దానికేమీ అభ్యంతరం లేదు. "తియ్యగా ఉన్నాయి. ఇంకా."

"అవి ఎవరి పాలో తెలుసా? పిన్నివి."

బుడంకాయ పిన్నిని కిందినించి పై దాకా చూసింది. "నీవి అయిపోలేదా?"

"లేదమ్మా. ఫ్రిజ్ నిండా ఉన్నాయి."

బుడంకాయ తల్లివైపు తిరిగి, ఎంతో జాలిగా, "అమ్మవి అయిపోయాయి," అని పిన్నికి చెప్పింది.

ముందు నవ్వింది చిన్నకోడలే. నవ్వు ఆపుకోలేక నేల మీదికి వాలిపోయింది. పెద్దకోడలికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఈ అలికిడికి అత్తగారు వచ్చి, సంగతి విని, నోటి మీద చెయ్యి వేసుకుంది.

"అయితే దీని పాలు వాడూ, వాడి పాలు ఇదీనా? ఇంత చదువుకున్న కోడళ్ళకి తోచని ఉపాయం, బుడంకాయకి తోచింది!"

"ఎనిమిది సీసాలూ దానికే," అంది చిన్నకోడలు కళ్ళు తుడుచుకుంటూ. "రోజూ రెండు తెస్తాను. గిన్నెలో పోసియ్యి. నేను పడ్డ కష్టం ఇంట్లోనే ఎవరో ఒకరి కడుపులోకి పోతే చాలు. కానీ అక్కా, వాడు ఏం తాగాడో, ఎన్నిసార్లు తాగాడో, నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి."

"చెప్తాను."

"ఏడిస్తే ఏడ్చాడని చెప్పాలి."

"నువ్వు బస్సు దిగాక చెప్తాను," అంది పెద్దకోడలు.

మధ్యాహ్నం బుడంకాయ రెండో సీసా కూడా ముగించి, మీసం తుడుచుకోకుండానే ఆడుకోడానికి పోయింది. ఒళ్ళోకి రాలేదు. జాకెట్టు తట్టి చూడలేదు. పండు తల్లి ఇంట్లోనే ఉంది కాబట్టి ఆకలేసినప్పుడల్లా తల్లి దగ్గరే తాగాడు. పెట్టెల మధ్య పెద్దకోడలు ఒక్కతే మిగిలింది. సాయంత్రం నాలుగు గంటలయ్యేసరికి రొమ్ములు రాళ్ళయ్యాయి. చెయ్యెత్తితే చంకల దాకా సలుపు. జిగురు గిన్నె అందుకోబోయి, అమ్మా అని ఆగిపోయింది.

"ఏమైంది?" అంది చిన్నకోడలు. చూస్తే తెలిసిపోయింది. "లే. గదిలోకి రా."

గదిలో మంచం మీద కూర్చోబెట్టి, వేడినీళ్ళలో ముంచిన తువ్వాలు కాపడం పెట్టి, తన పంపు కడిగి తెచ్చి బిగించింది. "ఇలా పట్టుకో. మెల్లిగా నొక్కు, వదులు. నొక్కు, వదులు."

పెద్దకోడలు నొక్కింది. ఏమీ రాలేదు. మళ్ళీ నొక్కింది. పండు నోరు తగలగానే ఉబికే పాలు, ఈ ప్లాస్టిక్ మూతికి ససేమిరా అన్నాయి. పది నిమిషాలకి చేతివేళ్ళు తిమ్మిరెక్కాయి. పదిహేను నిమిషాలకి మెడ పట్టేసింది. సీసా అడుగు తడిసిందో లేదో అన్నట్టుంది.

"ఇదేమిటే, నాకు ఇన్ని ఉండి!"

"ఉంటే సరిపోదు. అది దిగాలి."

"నువ్వు దీంతో ఎనిమిది నింపావా?" అంది పెద్దకోడలు. చెయ్యి ఆగిపోయింది. "తలుపుకి గడియ లేని గదిలో?"

"పంపు కొన్న మొదటి వారం ఇంట్లో తలుపేసుకుని పిండితే నాకు ఇంత కూడా రాలేదు. మీరిద్దరూ నవ్వుతారని చెప్పలేదు," అంది చిన్నకోడలు. వెనక మంచం మీద మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె భుజాల మీద చేతులు వేసి కిందికి అదిమింది. "భుజాలు బిగబట్టావు, దించు. ఊపిరి వదిలెయ్యి. సీసాకేసి చూడకు, చూస్తే రావు. కళ్ళు మూసుకుని పిల్ల మొహం తల్చుకో."

"ఎవరిది? పండుదా, బుడంకాయదా?"

"ఎవరిదైతే వస్తాయో వాళ్ళది."

పెద్దకోడలు కళ్ళు మూసుకుంది. పండు మొహం వచ్చి పోయింది. బుడంకాయ మీసంతో వచ్చి పోయింది. వాకిట్లో ఎవరో తలుపు తోసిన చప్పుడు, పుస్తకాల సంచీ నేల మీద పడేసిన చప్పుడు, "నానమ్మా, ఆకలేస్తోంది," అని పెద్దపిల్ల కేక. ఆమె చెయ్యి దానంతటదే నొక్కుతోంది, వదులుతోంది. ఉన్నట్టుండి జివ్వుమంది. సన్నటి ధార సీసా గోడకి తగిలి చప్పుడు చేసింది. తర్వాత ఇంకొకటి. తర్వాత ఆగకుండా.

"వచ్చాయి, వచ్చాయి!" అంది చిన్నకోడలు చెవి దగ్గర. "ఎవరి మొహం తల్చుకున్నావక్కా?"

పెద్దకోడలు కళ్ళు తెరవలేదు.

"పెద్దదానిది," అంది. "మూడో నెలది."

చిన్నకోడలు ముందుకి వంగి, సీసా ఒలికిపోకుండా దాని కింద చెయ్యి పట్టింది.